వల విసరక ముందు

మైపాడు దారిలో, ఉప్పుకాలవ వంపు దాటాక
మా మామ చెంచురామయ్యవి నాలుగు గుంటలు.
మూడో గుంట గట్టు మీద నీలం డ్రమ్ము,
దాని మీద నవ్వుతున్న రొయ్య బొమ్మ.
"ఇది చల్లితే అరవై రోజులకే బరువు తేలిపోద్ది సార్"
అని కంపెనీ కుర్రాడు చెప్పి రెండు నెలలు.
చల్లడం అయింది.
డబ్బు మాత్రం తూకం చూసి ఇస్తానన్నాడు మామ.

"నువ్వు లెక్కల టీచరువి గదమ్మే,
పన్జేసిందో లేదో తేల్చు" అన్నాడు
వలతాడు మోచేతికి చుట్టుకుంటా.

ఆగు మామా, వల తర్వాత.
ముందు కాగితం.

మేత పుస్తకం వెనకట్ట చించి ఇచ్చాడు.
మందు లేని రోజుల్లో, ఇదే గుంటలో, అరవయ్యో నాటికి
సగటు బరువు పన్నెండు గ్రాములు.
నోటి లెక్క కాదు,
అత్త వెంగమ్మ ఎనిమిది పంటలుగా రాసి పెట్టిన లెక్క.
కాబట్టి మొదటి వాక్యం:
ఈ గుంట సగటు పన్నెండే. మార్పేమీ లేదు.
మందు చల్లినా ఒకటే, కాలవ నీళ్ళు చల్లినా ఒకటే.

మామ మొహం మాడింది.
"పద్దెనిమిది వేల మందుని మొదట్లోనే కాదంటే ఎట్టా?"

కాదనడం కాదు మామా, దీన్ని శూన్య పరికల్పన అంటారు.
నమ్మి రాసేది కాదిది,
పడగొట్టడానికని నిలబెట్టేది.
సమానం గుర్తు ఎప్పుడూ దీని పక్కనే కూర్చుంటుంది,
పంచాయితీలో నోరు మెదపని పెద్దాయనలాగా.
సాక్ష్యం తెచ్చుకోవాల్సింది రెండోవాడు.

ఆ రెండోవాణ్ణి రాశాను:
సగటు పన్నెండు కంటే ఎక్కువ.

చెక్ ట్రే కడుగుతున్న అత్త
తల తిప్పకుండానే అడిగింది:
"తగ్గితే?"

పదకొండేళ్ళుగా పాఠం చెబుతున్నాను.
కుర్రాడు పెరుగుద్దన్నాడని
నేనూ పెరిగే వైపే చూశాను.
రెండో వైపు కూడా ఒకటుంటుందని
గాజులు బ్యాంకులో ఉన్న చేతికి తెలుసు.

'ఎక్కువ' కొట్టేశాను.
'పన్నెండు కాదు' అని రాశాను.
ఇప్పుడిది రెండు తోకల పరీక్ష అన్నాను.
"రొయ్యకి ఒకటే గదా" అంది అత్త.
మామ నవ్వుకి గట్టు మీద కొంగ లేచిపోయింది.

"ముందే ఎందుకు రాయాల? వల లాగి, చూసి రాస్తే పోలా?"

చూశాక రాస్తే, మామా,
దొరికిన దానికి సరిపడా మాటే రాస్తాం.
మీసమున్న ప్రతిదీ మగాడైపోతుంది,
రొయ్యతో సహా.

అప్పుడు విసిరాడు.
నాలుగు మూలలా నాలుగు, నడిమధ్యన ఒకటి.
మేత పడే చోట వద్దన్నాను,
బలిసినవన్నీ అక్కడే మూగుతాయి.
వలకి ఎనిమిది చొప్పున, ఎంచకుండా తీసిన నలభై,
తపతపా కొట్టుకుంటున్న నలభై,
బుల్లి తక్కెడ మీద ఒక్కొక్కటే.
అత్త చెప్పడం, నేను రాయడం.
పదకొండున్నర. పద్నాలుగు. పది పాయింట్ రెండు.
చివరికి సగటు
పన్నెండు పాయింట్ నాలుగు.

మామ కళ్ళు ఆ పాయింట్ నాలుగు దగ్గరే ఆగాయి.

రొయ్యకీ రొయ్యకీ తేడానే అంతకన్నా పెద్దది మామా.
మందు వాసన తగలని గుంటలో ఇట్టాంటి నలభై తీసినా
అయిదుసార్లకి ఒకసారి
పైకో కిందకో ఈమాత్రం జరుగుతుంది.

"అయితే మందు పన్జెయ్యలా?"
ఆ మాట నేనన్లేదు.
"పన్జేసిందా?"
అదీ అన్లేదు.
నిలబెట్టినదాన్ని పడగొట్టలేకపోయాం, అంతవరకే.

మామ చాలాసేపు తడి వల వైపు చూశాడు.
"వట్టి వల వస్తే గుంటలో రొయ్యే లేదని చెప్పలేం. అట్టానా?"
అట్టానే.

కుర్రాడు శుక్రవారం వస్తాడట. ఏం చెబుతాడో మామ ఇష్టం.
అత్త మాత్రం అప్పుడే వచ్చే పంటకి కొత్త పేజీ తీసింది.
రెండో గుంట మందు లేకుండా, నాలుగో గుంట మందుతో.
రెండింటి మధ్యా సమానం గుర్తు గీసింది,
పైగీత పొడుగు, కిందిగీత వంకర.

సోమవారం బోర్డు మీద హెచ్ నాట్ రాస్తుంటే
మొదటి బెంచీ పిల్ల ముక్కు మూసుకుంది.
చాక్‌పీసుకి కూడా నీచు వాసన అంటుకుంది.