ఆశ్చర్యార్థకాల దారి

ఔలులో డిసెంబరు. మధ్యాహ్నం రెండుంపావుకే చీకటి.
కంప్యూటర్ కేంద్రం నేలమాళిగలో నా కుర్చీ,
కుర్చీ వెనక రెండు యంత్రాలు.
ఒకే గోడకి ఆనుకుని ఉంటాయి గానీ
ఒకదాని మాట ఒకదానికి తెలీదు.
ఎడమదాని వెనక పెద్ద విశ్వవిద్యాలయాల వల.
కుడిదాని వెనక, ఫోన్ రేటు తగ్గే వేళకి
ఒకదాన్నొకటి తట్టి లేపుకునే చిల్లర యంత్రాల వల.
నడుమ నేను, ఔలిస్‌ని, రేవులో పడవవాణ్ణి.
జీతం చీటీ మీద మాత్రం
‘సహాయక ప్రోగ్రామరు, తాత్కాలికం’.

అప్పట్లో చిరునామా అంటే దారి.
ఎవరికి రాస్తున్నావో తెలిస్తే చాలదు,
ఎవరెవరి చేతులు మారి పోవాలో నువ్వే చెప్పాలి:
ముందు మా కటాయా, అది దాటితే స్టాక్‌హోమ్‌లో ఒకటి,
తర్వాత ఆమ్‌స్టర్‌డామ్, తర్వాత సముద్రం,
ఆవలి ఒడ్డున మళ్లీ ఎవరిదో నేలమాళిగ.
మజిలీకీ మజిలీకీ నడుమ ఒక ఆశ్చర్యార్థకం.
ఇక్కడికి చేరిందా! అక్కడికీ చేరిందా! అని
కదలకముందే ఆశ్చర్యపోతూ రాసేవాళ్లం.

దాటేటప్పుడు అక్షరాలు రాలేవి.
మా చుక్కల అచ్చులు మీసాల బ్రాకెట్లయి తేలేవి.
అలవాటైపోయింది.
ఒకసారి కిరాణా చీటీలో రొట్టె అన్న మాట చివర
పరధ్యానంగా మీసం పెట్టి రాశాను.
కొట్లో ఆవిడ తల తిప్పకుండా చదివి, రొట్టె ఇచ్చింది.
ఆమె కొడుకు మా దగ్గరే చదువుతున్నాడట.

పోస్టుమాస్టరుని కూడా నేనే.
ఒకరి ఉత్తరాలు చదవకూడదు, చదవను.
కానీ దారి తప్పినవి, విప్పిన కవరుల్లా,
ఒంటినిండా ముద్రలతో నా తెర మీదే వచ్చి పడతాయి.
రెండు వలలూ ‘నీ మనిషే’, ‘కాదు, నీ మనిషే’ అని
పదిహేడుసార్లు అటూ ఇటూ తోసేసినవి కూడా.
చేరినవాటి సంగతి నాకేం తెలుసు?
నాకు తెలిసిన లోకమంతా
అందని లోకమే.

అలా పడింది హిల్కా తుర్పెయినెన్ ఉత్తరం.
మూడో అంతస్తు, రాతిపువ్వుల పరిశోధన.
ఏడాదికి అర మిల్లీమీటరు పెరిగేవాటిని కొలిచే మనిషి.
డునెడిన్‌లో ఇంకొకాయన అలాంటి రాళ్లనే గీకుతాడు.
ఉత్తరం నిండా అంకెలు. అన్నిటికీ అడుగున:
‘మీ పేరులో రెండు అ-లు పక్కపక్కన ఉన్నాయి.
మేమూ దీర్ఘాన్ని అలాగే రాస్తాం.
మీదీ దీర్ఘమేనా,
లేక దారిలో ఎక్కడైనా అక్షరం తడబడి
రెండుసార్లు పడిందా?’

మెల్‌బోర్న్‌లో ఎవరో గదికి రంగు వేయిస్తూ
యంత్రం ఆపేశారు. అంతే కారణం.
తెల్లవారుజాము మూడింటికి
హవాయి మీదుగా కొత్త దారి కట్టాను, చేత్తో,
తొమ్మిది ఆశ్చర్యార్థకాలు, ఒక్కొక్కటే నొక్కి.
మోడెమ్ కూత వేసింది, గొణిగింది, ఊరుకుంది.
తిరిగి రాలేదు.
తిరిగి రాకపోవడం ఒక్కటే మాకు శుభవార్త,
అదీ మునిగిపోయిన వార్తా ఒక్కలాగే ఉంటాయి.

ఇప్పుడు పేరు రాస్తే చాలు, దారి యంత్రాలే వెతుక్కుంటాయి.
మంచిదే. కటాయాని అట్టపెట్టెలో పెట్టింది నేనే,
దాని ఫ్యాన్‌లో ఎవరిదో పొడవాటి వెంట్రుక.

కానీ ఆ మార్చిలో,
క్యాంటీన్‌లో గురువారం బఠాణీ సూపు వరసలో,
నా ముందు నిలబడి హిల్కా పక్కావిడతో చెబుతోంది:
‘రావిరి కాదు. రా...విరి. రా దగ్గర ఆగాలి.’
ఆగి, మళ్లీ పలికి చూపించింది.

గరిటె పట్టుకున్నావిడ రెండుసార్లు అడిగిందట,
ఆవాలపచ్చడి కావాలా అని, నన్ను.