నాలుగో పాట నా మీదే

నరసాపురం దాటాక మొగల్తూరు రోడ్డులో
మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ.
గోడల్లో జానెడు మందం థర్మోకోలు,
బయటి చప్పుడు లోపలికి రాదు,
లోపలిది బయటికి పోదు.
అద్దె రోజుకి మూడొందలు.
రొయ్యల కంపు ఉచితం.

ఆల్బం అక్కడే చేశాం.
తొమ్మిది రాత్రులు, నలుగురం.

ఎలీషా నాతో మాట్లాడడు.
నాకు చెప్పాల్సింది
డ్రమ్ముల దగ్గర కూచున్న తాతాజీకి చెబుతాడు:
"రెండో చరణంలో వాణ్ణి కాస్త ఆగమను."
మూడడుగుల దూరంలో నేనే ఉన్నాను.
తాతాజీ నా వైపు తిరిగి
"ఆగమంటున్నాడ్రా" అంటాడు,
ఎండలో నిలబడ్డ పోస్టుమాను మొహంతో.

ఒకప్పుడు మిషను చర్చి వెనక వరండాలో
ఒకే గిటారు.
ఎడమ చెయ్యి వాడిది, కుడి చెయ్యి నాది.
వాడు తీగ నొక్కితే నేను మీటేవాణ్ణి.
"ఇద్దర్నీ కలిపితే గానీ ఒక మనిషి అవర్రా" అనేది
పాస్టరమ్మగారు, అటుగా బియ్యం చెరుగుతూ.
అప్పుడది మాకు పొగడ్త.

అయిదో రాత్రి
నాలుగో పాట కాగితం నా స్టాండు మీద పెట్టి వెళ్ళాడు.
మొదటి లైను: పద్నాలుగు సార్లు మోగింది.
మిగతాది చదవక్కర్లేకపోయింది.

ఆ వేళ నేను రాజోల్లో ఉన్నాను.
పెళ్ళి రిసెప్షను, అద్దె ఆర్కెస్ట్రా,
నాలుగు వేలు, రెండు బిరియానీ పొట్లాలు.
మా నలుగురూ చందాలేసుకుని కొన్న వ్యాను
షామియానా పక్కన, తాళం నా జేబులో.
ఫోనూ అదే జేబులో
తొడని పట్టుకుని వణుకుతూనే ఉంది.
తెలియలేదని అందరికీ చెప్పాను.
తెలిసింది.
పెళ్ళికొడుకు బావ ఇంకో పాట అడిగాడు. వాయించాను.

వాడి తమ్ముణ్ణి చేపల లారీలో ఎక్కించారు,
ఐసు పెట్టెల మధ్య, గుండె మీద చెయ్యేసి పట్టుకుని.
పాలకొల్లు దాటలేదు.

"పదిన్నరకే ఆఖరి పంటు వెళ్ళిపోయిందిరా" అన్నాను తర్వాత.
వాడేమీ అనలేదు.
చించినాడ వంతెన రాత్రంతా తెరిచే ఉంటుందని
మా ఇద్దరికీ తెలుసు.

ఆ పాటకి బేసు వాడే కట్టాడు.
ఒకే స్వరం. పద్నాలుగు దెబ్బలు.
అంతే, ఇంకేం లేదు నాకు.
మీటిన ప్రతిసారీ గిటారు పొట్ట
నా తొడకి ఆనుకుని వణుకుతోంది.
ఎక్కడ తగలాలో లెక్కేసే కట్టాడు, దొంగ వెధవ,
ఎంత బాగా కట్టాడో.

పదమూడు దాకా వచ్చాను.
పద్నాలుగోదానికి వేలు లేవలేదు.

ఆ ఖాళీలోకి వాడి గొంతు
మెట్టు ఉందనుకుని కాలేసినవాడిలా పడింది.
పడి, అక్కణ్ణుంచే పాడాడు,
పాడడం అనొచ్చో లేదో.
మిషను దగ్గర మస్తాను మీట మీద చెయ్యి పెట్టాడు గానీ
ఆపలేదు.

చాలాసేపటికి ఎలీషా
"వాణ్ణడుగు, ఇది ఉంచుదామంటాడో" అన్నాడు.
"ఉంచమను" అన్నాను.
తాతాజీ పుల్లలు నేలకేసి కొట్టాడు.
"మీరూ మీరూ చెప్పుకు చావండి. ఏడాది అయ్యింది,
మీ మధ్య నా మెడ పట్టేసింది."
వెళ్ళిపోయాడు. వెనకాలే మస్తాను, సిగరెట్టు వంకతో.

మిషను తిరుగుతూనే ఉంది.

రెండొందల సీడీలు కొట్టించాం.
నూట నలభై ఇంకా తాతాజీ మంచం కింద ఉన్నాయి.
కొన్నవాళ్ళలో ఒకాయన, భీమవరం లెక్చరరు,
నాలుగో పాట చివర ఆ రెండు నిమిషాల మౌనం
గొప్ప ప్రయోగమండీ అన్నాడు.
ఆయ్, అన్నాను.

హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే మౌనం కాదది.
ఆంప్లిఫయరు గురక.
సరిగా మూయని తలుపులోంచి
రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరియేటర్లు.
ఒకడు ముక్కు చీదడం.
తర్వాత, నిమిషం నలభై దగ్గర,
సిమెంటు మీద ఇనప కుర్చీ ఈడ్చిన చప్పుడు.

జరిగింది ఎవరో చెప్పను.
ఎటు జరిగాడో కూడా.