ఊటల జాడ

సల్మాబాద్, మూడో వీధి, పన్నెండో నంబరు గది.
నా మంచం కింద, బియ్యం బస్తాకీ బూట్లకీ మధ్య
ఒక పాత లాప్‌టాప్ రాత్రంతా గురక పెడుతుంది.
"దాని కరెంటు నువ్వే కట్టుకో" అంటాడు లింబాద్రి.
కడుతున్నా. నెలకి రెండు దినార్లు.

దాని పని తలుపులు తట్టడం.
బొమ్మల్లేని, బేరాల్లేని చిన్న పేజీలన్నీ తిరిగి
ఏది ఎక్కడుందో రాసుకు రావడం.
పెద్ద బజారు తొంగి చూడని గుమ్మాలవి:
సిత్రాలో బస్సు దిగిన చోటు నుంచి గేటు దాకా
జూలైలో ఏ గంటకి ఏ గోడ నీడనిస్తుందో
అడుగులు లెక్కేసి రాసే ఒక వెల్డరు,
చచ్చిపోయిన ఏసీ కంప్రెసర్లకి
తిథులతో సహా సంతాపం రాసే మెకానిక్కు,
నాయనమ్మ తిట్లన్నీ అక్షరక్రమంలో పేర్చిన దేవమణి.

మొదట్లో రోజుకి పదిమంది అడిగేవాళ్లు.
ఇప్పుడందరూ నా గడప మీదుగానే నడుస్తున్నారు.
ఎవరూ అడ్రసు రాసుకోవడం లేదు.
తన పేజీలో పక్కవాడి దారి చెప్పడమూ మానేశారు.
"నువ్వున్నావుగా" అంటారు.
ఆ మాట తీపిగానే ఉంది, అబద్ధమెందుకు.
ఒకరోజు ఊరికే, చూద్దామని,
వెల్డరు పేరు నాలుగు మెట్లు కిందికి దింపాను.
సాయంత్రం దాకా అతని నీడలోకి ఒక్కరూ రాలేదు.
నా వేలు చూసుకుంటే నాకే భయమేసింది.

మార్చిలో దేవమణి ఉత్తరం:
"నలుగురు చెల్లెళ్ల కోసం రాసుకున్నానయ్యా,
నాలుగొందల మంది వచ్చి నవ్విపోయారు. నన్ను తీసెయ్."
తీసేశాను.
ఆ వారమే ఎవరో, తిట్టు సగం గుర్తుండి,
మిగతా సగం కోసం మూడు రాత్రులు అడిగారు.
వాళ్లమ్మ మాటేమో.
నాకు తెలుసు. చెప్పలేదు.

ఆగస్టులో ఫ్యూజు పోయి రెండు రోజులు గది చీకటి.
వెల్డరు ఫోను చేశాడు: "మెకానిక్కు పేజీ ఎక్కడన్నా?"
మూడేళ్లుగా చదువుతున్నాడు దాన్ని.

మా షెడ్డు వాచ్‌మన్ జాసిమ్‌ది ముహర్రక్.
వాళ్ల తాత ఉప్పు సముద్రంలో మునిగి
అడుగున ఊరే తీపినీళ్లు తోలుతిత్తిలో పట్టేవాడట.
ఊట ఎక్కడని పడవలన్నీ ఆయన్నే అడిగేవట.
"అందరికీ తెచ్చిచ్చాడు, పైసా పుచ్చుకోలేదు" అన్నాడు జాసిమ్.
"ఎవరికీ చోటు మాత్రం చూపలేదు.
ఆయన మంచాన పడ్డ వేసవి
నీళ్ల మీంచే గొంతెండి తిరిగొచ్చాయి పడవలు."
టీ చల్లారిపోయింది. నేను తాగలేదు.

శుక్రవారం ఐదు పెన్‌డ్రైవులు కొన్నాను.
ఒకటి అప్పుడే సినిమాలకని లింబాద్రి ఎత్తుకుపోయాడు.
నాలుగింటి మీద జాబితా ఎక్కించాను,
తలుపు తట్టే విద్య కూడా.
ఇక మిగిలింది తట్టకూడని తలుపుల పట్టీ.

అందులో మొదటి పేరు దేవమణిది.
అక్కడికి పోవద్దని చెప్పాలంటే
అదెక్కడుందో చెప్పక తప్పదు.

తెల్లారింది. ఫజర్ అజాన్ కూడా అయిపోయింది.
నాలుగు పెన్‌డ్రైవులూ బియ్యం బస్తా మీదే ఉన్నాయి.
కింద అది ఇంకా గురక పెడుతూనే ఉంది.