చిటికెన వేలి లెక్క

గ్రిమ్స్‌బీ చేపల రేవులో, తెల్లవారుజామున నాలుగింటికి,
నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు.
మౌస్ లేదు. ఉన్నా, మంచునీళ్లు కారే చేతిలో నిలవదు.
పెట్టెల తూకం రాసుకునే ఈ చిన్న ప్రోగ్రాములో
ఏ మీట నొక్కితే ఏం జరగాలో
నన్ను తేల్చమన్నారు.
ఒక పూట పని అనుకున్నాను.

మొదట నా చేతికి నచ్చినట్టే పెట్టాను.
దాచడానికి కంట్రోల్ ఎస్.
పాపం మోరీన్, అరవై పెట్టెల హాడక్ ఎక్కించి
దాచబోయింది. తెర బిగుసుకుపోయింది.
ఏం నొక్కినా ఉలకదు, పలకదు.
టెలిప్రింటర్ల కాలంలో "కాస్త ఆగు" అనడానికి
ఎవరో పెట్టుకున్న సైగ అది.
ఆ యంత్రాలు తుప్పు పట్టి పోయాయి,
సైగ మాత్రం బతికే ఉంది.
కంట్రోల్ క్యూ నొక్కమని ఫోన్లో చెప్పాను.
"ఎవరికి తెలిసి చస్తుంది ఇది?" అంది.
నిజమే. నాకూ ఎవరో చెబితేనే తెలిసింది.

అప్పట్నుంచీ ఖాళీ మీట కోసం వెతుకుతున్నాను,
కిక్కిరిసిన బస్సులో సీటు వెతికినట్టు.
కంట్రోల్ పక్కన సి కూర్చుంటే ప్రాణం తీస్తుంది;
కాపీ అనుకున్నవాడి పని అక్కడికక్కడే సరి.
జెడ్ చేసిన తప్పును వెనక్కి తీసుకోదు,
ప్రోగ్రామునే పక్కగదిలోకి తీసుకెళ్లి జోకొడుతుంది.
డి అంటే ఇక సెలవు.
ఐ అంటే ట్యాబే, ఎం అంటే ఎంటరే,
ఒకే మనిషికి రెండు పేర్లు.
ఎస్కేప్ మరీ విచిత్రం: నొక్కగానే పలకదు,
వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని
గుమ్మంలో నిలబడి తొంగి చూస్తుంది.

హెచ్, జె, కె, ఎల్ చాలంటాడు ఐవో.
ఎడమకి, కిందకి, పైకి, కుడికి;
చెయ్యి కదపక్కర్లేదట.
పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు.
వాడిది కాలేజీలో వచ్చింది, అయినా పోదు.
నేను బాణాల మీటలు కూడా ఉంచాను.
రెండు రోజులు మాట్లాడలేదు.

నెవిల్‌ని చూశాక అన్నీ చెరిపేశాను.
ఎప్పుడో పడవ మీద మోకు బిగుసుకుని
ఆయన ఎడమ చిటికెన వేలు పోయింది.
మా పెళ్లిళ్లలో ఆ వేలు పట్టుకునే ఏడడుగులూ నడుస్తారు.
అంత భారం మోసే వేలని
కంట్రోల్ కోసం అరచెయ్యంతా మెలితిప్పుతున్న ఆయన్ని
చూసేదాకా నాకు తోచలేదు.
"ఏముంది, అలవాటైపోయింది" అన్నాడు.
ఆ మాట వింటే ఈ మధ్య సిగ్గేస్తోంది నాకు.

ఇప్పుడు అన్నీ ఒంటి మీటలే.
దాచడానికి ఎస్, వెనక్కి యు, బయటికి క్యూ.
చెరపాలంటే మాత్రం రెండు నొక్కాలి, అవీ దూరదూరంగా;
తొడుగున్న వేలు పక్కమీట మీదా పడుతుంది.
పడవ పేరు రాసేటప్పుడు అక్షరం అక్షరమే,
అక్కడ ఏదీ ఆజ్ఞ కాదు.
మర్చిపోయినవాళ్లకి అడుగున ఒక వరస, ఎప్పుడూ వెలుగుతూ.

"సెట్టింగుల ఫైలుందిగా,
ఎవరిక్కావలసింది వాళ్లు మార్చుకుంటారు" అన్నాడు ఐవో.
ఆ ఫైలు తెరిచేది నువ్వూ నేనే, అన్నాను.
అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ
చలికి కొంకర్లు పోయిన వేళ్లతో, వేలం గంటకి ముందు,
అడిగే తీరిక ఎవరికుంది?
తొలి వడ్డనే చాలామందికి మొత్తం భోజనం.

స్పేస్ బార్‌కి ఏ పనీ అప్పగించలేదు.
ఐవో అడిగాడు, అంత పెద్ద మీట వృథా కదా అని.
టీ తాగేటప్పుడు మోరీన్ మోచెయ్యి
అక్కడే ఆనుతుంది.