షట్టర్ల మేస్త్రి లెక్క

వన్ టౌన్‌లో తెల్లవారడం
నేను చెవులతోనే కనిపెడతాను.
కురుపాం మార్కెట్ మొదట్లో గ్రంధి కామేశం గారి షట్టరు
దగ్గుకుంటూ లేస్తుంది.
పక్కనే దస్తగిరి అత్తరు కొట్టు
రెండుసార్లు మొరాయించి మూడోసారికి దయ తలుస్తుంది.
ముప్పయ్యొక్క ఏళ్ళుగా వీటి కీళ్ళకు గ్రీజు పూస్తున్నాను.
ఏ స్ప్రింగు ఎప్పుడు తెగుతుందో
కొట్టువాడి కంటే ముందు నాకే తెలుసు.

సముద్రం నాలుగు వీధుల అవతలే.
ఉప్పుగాలికి అద్దె లేదు, లైసెన్సు లేదు,
రాత్రంతా ఇనుమును నాకుతుంది.
నాకు అన్నం పెట్టింది అదే, అబద్ధమెందుకు.

బేరాలు సిరిపురం వైపు పోయాక
వీధికి గొంతు తగ్గింది.
ఒక్కో పొద్దున్న ఒక్కో చప్పుడు లెక్క తప్పేది.
ఇత్తడి సామాన్ల కొట్టుకైతే
అన్న తాళం ఒకటి, తమ్ముడి తాళం ఒకటి.
పదకొండేళ్ళు. మధ్యలో పావురాలు.

అప్పుడొచ్చింది కాగితం.
సగం కార్పొరేషను, సగం కంపెనీ అని.
సభ పెట్టి గోడ మీద బొమ్మ చూపించారు.
మా వీధే. కానీ అందులో ఎవరికీ చెమట పట్టలేదు,
మనుషులకు నీడలు కూడా వెయ్యడం మరిచిపోయారు.
"కాలువ మాది, దీపాలు కంపెనీవి, ముందరి అరుగు మీది,"
అంది ఇంజినీరు హేమసుందరి.
ఎండుచేపల పోలమ్మ లేచింది.
"మరి నాను కూకున్న జాగా ఎవులిది తల్లీ?
సర్కారోళ్ళదా, కంపినోళ్ళదా?"
హాలంతా నవ్వింది.
హేమసుందరి నవ్వలేదు, పెన్ను తీసి రాసుకుంది.
రాసుకున్నవాళ్ళను చాలామందిని చూశాం.

ఎనిమిది నెలలు తవ్వారు.
వీధి పొట్టలోంచి ఎవరివో తెలియని మూడు పైపులు,
దాని కింద తెల్లోళ్ళ నాటి ఇటుక కాలువ.
ఏ పటంలోనూ లేదట.
నీళ్ళు మాత్రం పోతూనే ఉన్నాయి.
వానల్లో కామేశం గారు చెక్క మీద నడిచి వచ్చి
ఖాళీ గల్లాపెట్టె ముందు పేపరు చదివి
చెక్క మీదే తిరిగి వెళ్ళేవారు.
దస్తగిరి మద్దిలపాలెం పోయాడు.
రాలేదు.
ఏ సగంలో రాయాలి ఇది?

ఇద్దరూ సంతకం పెడితేనే అద్దె అంది కంపెనీ.
పెట్టారు, బల్లకు చెరో కొసన నిలబడి.
నన్ను పిలిచారు తెరవమని.
కిరసనాయిలు, సుత్తి, ఒక గంటసేపు ఓపిక.
లేచింది.
అంత చప్పుడు నా జన్మలో వినలేదు,
వీధి వీధంతా టీ గ్లాసులు పట్టుకుని నిలబడిపోయింది.
లోపల పచ్చబడ్డ చెంబులు,
బల్ల మీద వాళ్ళ నాన్న చేతిరాత:
షట్టరు మేస్త్రి నూకరాజుకు బాకీ, నూట ఎనభై.
నేనే మరిచిపోయాను.
"సగం నేను, సగం వాడు," అన్నాడు అన్న,
తొంభై లెక్కపెట్టి చేతిలో పెట్టాడు.
తమ్ముడు జేబులు తడిమి
"స్కానరుందా మేస్త్రీ?" అన్నాడు.
లేదు.

ఇప్పుడు అక్కడ గాజు తలుపులు.
మనిషి దగ్గరికొస్తే వాటంతటవే జరుగుతాయి, చప్పుడు లేదు.
జనం మాత్రం వస్తున్నారు, కాదనను.
కామేశం గారు కొట్టుకు రంగు వేయించారు,
షట్టరు మార్చనన్నారు.
పోలమ్మకు రాతి అరుగు వచ్చింది, నాలుగడుగులు,
పసుపు గీతతో.
రాసుకున్నది రాసుకున్నట్టే.

దాని మీది దీపం మొన్నటి గాలివానకు ఆరింది.
కంపెనీ అది కార్పొరేషనుదంది,
కార్పొరేషను కంపెనీదంది.
మూడో రాత్రి నిచ్చెన వేసుకుని ఎక్కాను.
ఏం లేదు, హోల్డరులో ఉప్పు.
చొక్కా కొసతో తుడిచి బిగించాను.
కింద నుంచి పోలమ్మ:
"ఎంతివ్వాలి మావా?"
"రాసుకోయే," అన్నాను,
"తమ్ముడి తొంభై కిందన."