రంగమణికి ఫోన్ లేదు

మిర్చి అంటిన చేతులతోని అర్దళం పెట్టుకోరాదు.
ముందుగాల కొబ్బరినూనె, తరువాత పుల్లటి సల్ల,
ఆఖరుకు బట్టలసబ్బు.
అయినా గోరుకింద ఎక్కడో ఓ తేజా గింజ దాక్కుంటది.
కాటుక దిద్దేటప్పుడు కన్ను మండిచ్చి చెప్తది:
అరే రాజలింగూ, నువ్వేరా.

పొద్దంత ఏనుమాముల యార్డుల
నేను బిళ్ల నెంబరు నూట పద్నాలుగు.
బస్తా వీపుకెక్కినంక పేరుతోని పనేమున్నది?
"ఓ నూట పద్నాలుగూ, కాంటా దగ్గరికి!"
పోత.
మాట్లాడుడు తక్కువ నాకు.
ఇంట్ల గూడ ఉప్పు కావాల్నంటె
చూపుడువేలుతోని చూపెడత.

రాత్రి సంగతి వేరు.
పరకాల, చిట్యాల, శాయంపేట, ఆట ఎక్కడుంటె అక్కడ
నాలుగు గుంజల నడుమ
హార్మోనియం ముసలోని లెక్క దగ్గుతుండంగ
తెర అంచును కాలితోని తన్ని వస్తది
బొల్లికుంట రంగమణి.
పన్నెండేండ్లప్పుడు ఓదెలు సార్ పెట్టిన పేరు.
అప్పటికి నా గొంతు పగలలే.
నాది పగిలినంక గూడ ఆమెది పగలలే.
ఎట్లనో నాకు తెల్వదు.

ఆమెకు బిరాన కోపమొస్తది. నాకు రాదు.
ఆమె "కూసో" అంటె మంత్రి కూసుంటడు,
ముందు వరుస కుర్చీల సర్పంచి
కాలుమీది కాలు దించుతడు.

మా ఇద్దరికి ఓ ఒప్పందమున్నది.
గొర్రెకుంట మోరీ దాటి ఆమె రావద్దు.
అక్కడ జీపాపి, బోరింగుకాడ మొఖం కడిగి,
సవరం, గాజులు, రైక రేకుపెట్టెల వెట్టి తాళమేస్త.
తాళంచెవి మొలతాడుకు.
పిల్లలకు ఆమె ముచ్చట తెల్వదు.
ఆట ఒడిసినంక పోరగాండ్లు మీసాలు దువ్వుకుంట వచ్చి
"రంగమణి నెంబరియ్యే అన్నా" అంటె
"రంగమణికి ఫోన్ లేదు తమ్మీ" అంట.
అబద్ధం కాదు.

మాఘమాసంల, ఎర్రగ సరుకు గుట్టలు పడ్డనాడు,
బస్తకు రూపాయి పెంచుతమన్న మాట
అడ్తి గుమాస్త మరిచిపోయినట్టు చేసిండు.
నలభై మందిమి నిలబడ్డం. ఒక్క నోరు లేవలే.
"ఎవరక్కడ!"
ఎవరి గొంతో అని నేను గూడ వెనకకు మర్రి చూసిన.
"కొలువులో నిలిచి లెక్క తప్పినవాని నాలుక
ఏమగునో ఎరుగవా?"
పట్టపగలు.
సవరం లేదు, గాజులు లేవు,
వీపుమీద గోనెసంచి, మెడనిండ మిర్చి దుమ్ము.
చెయ్యి మాత్రం నడుముమీద ఉన్నది.

యార్డంత నవ్వింది. గుమాస్త నవ్వలే.
అర్ధరూపాయి పెంచిండు.
అందరు నా భుజం తట్టిండ్రు గని
నాకు సంబురం కాలే.
పిలువకుంట వచ్చిందని,
నా ఎండలకు, నా సద్దిగిన్నె దగ్గరికి వచ్చిందని
ఆమెమీద కోపమొచ్చింది.
కోపం. నాకు.

ఆ రాత్రి రేగొండల ఆట.
రాజు వరమడుగుమంటె రాణికి మాట రాలే.
హార్మోనియం అదే ముక్కను రెండుసార్లు తిప్పింది.
నా నోట్లెకెల్లి నా గొంతే వచ్చింది, బొంగురుగ:
"అర్ధరూపాయి చాలు దొరా."
జనం విరగబడి నవ్విండ్రు, హాస్యమనుకున్నరు.
ఓదెలు సార్ తాళాలు ఆపి
అద్దం తుడిసి చూసినట్టు చూసిండు నన్ను.

తెల్లారుగట్ల మోరీకాడ బోరింగు కొట్టిన.
కొట్టిన, కొట్టిన. గాలి తప్ప నీళ్లు రాలే.
సగం రంగుతోనే ఇల్లు చేరిన.
వినోద తలుపు తీసి మీదికెల్లి కిందికి చూసింది.
ఏమనలే.
కొంగు తడిపి చెంపలమీది అర్దళం తుడిసింది.
కంటికొసన కాటుక అట్లనే వదిలింది,
మరిచిందో, మరువలేదో.

కన్ను అంటుకుంటుండంగ ఫోను మోగింది.
ములుగు నుంచి ఎవరో.
ఓదెలు సారే నెంబరిచ్చిండట,
ఆదివారం ఆట, రంగమణి ఉన్నదా అని.
పిల్లలు లేస్తరని
వినోద గొంతు తగ్గించి చెప్పుడు నేనిన్న:
"ఉన్నది. ఇప్పుడే పండుకున్నది.
జర పొద్దెక్కినంక చెయ్యుండ్రి."