వచ్చిన వరుస

శుక్రవారం ఆఖరు తేదీ.
ఫోన్‌ల మూడు కోర్సులు తెరిచి పెట్టుకున్న
కొల్లాపూర్ ఎమ్మార్వో ఆఫీసు రికార్డు గదిల,
ఎలుకల మందు వాసన నడుమ.

ఒకటి పాలమూరులనే, చరిత్రల ఎమ్మే.
బస్ పాస్ సరిపోతది. సద్ది కట్టుకపోవచ్చు.
ఒకటి హైదరాబాద్‌ల, గ్రంథాలయ శాస్త్రం.
అక్కడ ప్రతి పుస్తకానికీ ముందుగాలనే ఒక నంబరుంటదట,
పుట్టకముందే పేరు పెట్టిన పిల్ల లెక్క.
మూడోది ఢిల్లీ. ఏడాది.
కాగితం ఎందుకు పసుపెక్కుతదో
సిరా తను రాసిన కాగితాన్నే ఎట్ల తింటదో
ల్యాబ్‌ల చూపిస్తరట.
ఫీజు చూసి ఫోన్ బోర్లా పెట్టిన.

"షికస్తా చదువుడు ఏ కోర్సుల నేర్పుతరు సాబ్?"
మక్బూల్ సాబ్ నవ్విండు. రిటైర్మెంటుకు పదకొండు నెలలు.
నుక్తాలు ఎగ్గొట్టిన పట్వారీల ఉర్దూను
ఆయన చదవడు, గుర్తుపడతడు,
చీకట్ల నడకను బట్టి మనిషిని పోల్చుకున్నట్టు.

నౌకరిల చేరిన తొలి నెల నేనొక మంచి పని చేసిన.
మునిగిన ఊర్ల బస్తాలు గజిబిజిగ ఉన్నయని
అకారం నుంచి హకారం దాక సర్దిన.
తొమ్మిది రోజులు. తుమ్ములు, చేతుల నిండ దద్దులు.
సార్ ఫోటో తీసుకున్నడు.
సెలవు నుంచి వచ్చిన మక్బూల్ సాబ్
అరల ముందట నిలబడ్డడు.
శానాసేపు.
తిట్టలేదు, అదే ఇప్పటికీ సలుపుతది.
"బిడ్డా, అవి నీళ్లొచ్చిన వరుసల ఉండె."

ఏటి ఒడ్డు ఊరు మొదటి బస్తా,
మిట్ట మీది ఊరు ఆఖరుది.
ఆయన ఉస్తాద్ ఎర్ర గుడ్డల కట్టిపెట్టిన మూటలు
కృష్ణ ఎక్కొచ్చిన మెట్లట.
నేను మెట్లు పీకి అఆలు పేర్చిన.

ఎండకాలంల కురువ ఈదమ్మ వచ్చింది.
ఊరు రేగుమానుపల్లి. మ్యాపుల చూస్తే నీలం రంగు.
మనుమని నౌకరికి ముంపు కాగితం కావాలె.
'ర' కింద వెతికిన. లేదన్న. పోయింది.

"చిన్న ఊరు, పక్కూరి మూటల ఒదిగి ఉంటది" అన్నడు సాబ్.
పక్కూరు ఏదో చెరిపింది నేనే.

మూడు నెలలకు మళ్లొస్తే
కుర్చీ ఏసి అడిగిన: "అవ్వా, మీకంటె ముందు ఏ ఊరు మునిగె?"
కుర్చీల కూసోలే. నేల మీద కూసుని వేళ్లు మడిచింది.
"మొదలు గొర్లదొడ్డి. ఆ రాత్రే మా బాయి.
పొద్దుగాల కడప. అవతల నల్లచెల్క.
ఆ ఊరోల్లు మూడు దినాలు మా గొర్లను కాసిరి,
నాలుగో దినం వాళ్లవీ తోలుకొని పోయిరి."
ఒక వేలు తప్పి మళ్ల మొదటికొచ్చింది.
నేను పాత అట్ట ఎనక రాసుకున్న.

గొర్లదొడ్డి మూటల, పదకొండో కాగితం.
ఆమె మామ వేలిముద్ర.
ఈదమ్మ దాన్ని ముట్టలేదు,
కొంగుతోని చెయ్యి తుడుచుకొని చూసింది.

ఇయ్యాల సిలబస్‌లు మళ్ల తిప్పుతుంటే
ఢిల్లీ దాంట్ల, నాలుగో పేపర్ల, ఒక్క ముక్క:
కాగితాలు వచ్చిన వరుసను చెడగొట్టరాదు.
ఇంత ఫీజు కట్టి నేర్చుకునేది ఇదేనా?
నేను ఉత్తగనే నేర్చుకున్న కద.
ఉత్తగ కాదు.
ఆ ఫీజు ఈదమ్మ మనుమడు కట్టిండు, మూడు నెలలు.

అయినా దాన్నే నొక్కిన.
'ఈ కోర్సు ఎందుకు? రెండు వందల పదాలు మించరాదు.'
కర్సర్ కొట్టుకుంటున్నది. నేను లేచి అరల దిక్కు పోయిన.

ఆరు బస్తాలు వాటి జాగకు చేరినయి.
ఏడోది ఏ ఊరో ఈదమ్మకు యాదికొస్తలేదు.
మంగళారం సంతకొస్త, అప్పటిదాక ఆలోచిస్త అన్నది.
జానెడు జాగ ఖాళీగ ఉంచిన.

పొద్దుగూకంగ సార్ వచ్చి అడిగిండు,
ఆ సందేంది అని.

ఊరు సార్, అన్న.